తెర అవతలి మోకాలు

కాళ్ళు బల్ల అంచు నుంచి కిందికి వేలాడుతున్నాయి. ఆ సంగతి ఆశాజ్యోతికి స్పష్టంగా తెలుస్తోంది. మోకాళ్ళ దగ్గర మడతపడి, పిక్కలు బల్లకి ఆని, పాదాలు గాలిలో, ఇందాక కూర్చున్నప్పుడు ఎలా ఉన్నాయో అలాగే. కాని ఆమె వెల్లకిలా పడుకుని ఉంది. తల కింద పల్చటి దిండు, పైన గుండ్రటి పెద్ద లైటు, గుండెల దగ్గర అడ్డంగా కట్టిన ఆకుపచ్చ గుడ్డ తెర. ఆ తెర అవతల మనుషులు వంగి ఎవరిదో కాలు కడుగుతున్నారు. కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది గాని తడి తగలడం లేదు. వేలాడే కాళ్ళు ఇక్కడ, కడిగే కాలు అక్కడ. ఇదేంటి నాయనా, నాకు మూడో కాలు మొలిచిందా అనుకుంది, నవ్వొచ్చింది, ఆ నవ్వుకి ఒళ్ళు నడుం దాకా కదిలి అక్కడితో ఆగిపోయింది.

"నా కాళ్ళు కిందికి వేలాడుతున్నాయండి," అంది పైకి.

తల దగ్గర స్టూలు మీద కూర్చున్న మత్తు డాక్టరు శ్రీసత్య ముందుకి వంగింది. చిన్నపిల్ల, తన కూతురు రూబీ కన్నా కాస్త పెద్దదేమో. "లేదు మేడమ్, చాపే ఉన్నాయి. వెన్నులో మందు ఎక్కేటప్పటికి కాళ్ళు ఎలా ఉంటే మెదడు ఆ బొమ్మనే పట్టుకుని కూర్చుంటుందండి. అటునుంచి కొత్త కబురు అందట్లేదు కదా. నిద్రమందు కూడా కొంచెం ఇమ్మంటారా?"

"వద్దండి. మెలకువగానే ఉంటాను."

ఆ మాట మీద రూబీ వారం నుంచీ పోట్లాడుతోంది. ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసే పిల్ల, ఏ పనైనా నాలుగు వైపుల నుంచీ అడిగి తెలుసుకుంటే గాని ఊరుకోదు. అందరూ నిద్రపుచ్చెయ్యమంటారు, నువ్వొక్కదానివే ఏంటమ్మా ఇలాగ, రంపం చప్పుడు వినిపిస్తుందంట, సుత్తి దెబ్బలు వినిపిస్తాయంట, వడ్రంగి పనేనంట అది, అంది. వినిపించనీవే అంది ఆశాజ్యోతి. మొగల్తూరు పక్కన హైస్కూల్లో దాదాపు ముప్పై ఏళ్ళు డ్రిల్లు టీచరుగా ఈల ఊదుతూ పరిగెత్తిన కాలు, ఎండలో పిల్లల వెంట మైదానమంతా తిరిగిన కాలు, దాని మోకాలు తెరిచి ఇనుప కీలు పెడుతుంటే తను గుర్రుపెట్టి నిద్రపోవడమా, ఇంట్లో మనిషికి ఆపరేషనైతే బయట కుర్చీలో మేలుకుని కూర్చోమా? అలాగని అందరితో అంది గాని అది సగమే నిజం. మిగతా సగం భయం. నిద్రపోతే మళ్ళీ లేవనేమోనని. ఆ సగం రూబీకి చెప్పలేదు, భర్త విజయ్ పాల్‌కి అసలే చెప్పలేదు. ఆయన సూది చూస్తేనే కళ్ళు తిరిగే మనిషి, పొద్దున్న కాయితాల మీద సంతకం పెట్టేసి, రాజమండ్రిలో ఇంత పెద్ద ఆస్పత్రిలో కూర్చోడానికి చోటే లేనట్టు కిందికి దిగిపోయి మందుల షాపు గట్టు మీద కూర్చున్నాడు. రూబీ ఒక్కతే తలుపు దాకా వచ్చింది, స్ట్రెచరు లోపలికి వెళ్తుంటే పక్కన నడుస్తూ తన చెయ్యి పట్టుకుని, వదలాల్సిన చోట వదిలింది. ఆ పిల్ల నడక, కుడికాలు ఎడమకాలు సమానంగా పడే నడక. అది చూసినప్పుడల్లా ఆశాజ్యోతికి గుండెలో ఏదో నిండుతుంది. ఆ నడక ఊరికే రాలేదు.

కొంచెం సేపటి క్రితం, ఇదే బల్ల మీద కాళ్ళు వేలాడేసి కూర్చోబెట్టి, ఒళ్ళో దిండు పెట్టి, "పిల్లి ఒళ్ళు విరుచుకున్నట్టు వీపు బయటికి వంచండి మేడమ్" అంది శ్రీసత్య. వంగింది. చల్లటి వేలు వెన్ను మీద ఒక్కో పూసనీ తడుముతూ దిగి, ఎక్కడో నడుం దగ్గర ఆగి, అక్కడ నొక్కింది. రెండు పూసల నడుమ సూది దూరేంత సందు ఉందట, వంగితే ఆ సందు విప్పారుతుందట. రోజూ వంగుతూనే ఉంది, చెప్పులు తొడుక్కోవడానికి, చీపురు అందుకోవడానికి, పిల్లల షూ లేసులు కట్టడానికి, అన్నిసార్లూ వీపులో తలుపులు తెరుచుకుని మూసుకుంటున్నాయన్న మాట, చప్పుడు లేకుండా, ఒక్కరోజు కూడా తనకి చెప్పకుండా. వ్యాయామ విద్య చదివేటప్పుడు సామ్యేలు మాస్టారు చెప్పే ఉంటాడు ఇది, ఆయన చెప్పనిది లేదు. సన్నగా పొడుగ్గా ఉండే మనిషి, క్లాసులో కొక్కేనికి వేలాడదీసిన అస్థిపంజరాన్ని 'ఈయన' అనేవాడు. ఈయన మనకన్నా పెద్దాయన, ముట్టుకునే ముందు ఒక్క క్షణం ఆగండి అనేవాడు. తుంటిలో బంతిగిన్నె కీలు, గిన్నెలో బంతి తిరిగినట్టు కాలు ఎటైనా తిరుగుతుంది. మోచేతిలో మడత బందు కీలు, తలుపు రెక్కలాగా ఒకే వైపు. మణికట్టులో ఎముక మీద ఎముక జారే కీలు. మెడ పైన రెండు కీళ్ళు, ఒకదాని మీద ఒకటి, అవునని తలూపితే పైది కదులుతుంది, కాదని తిప్పితే కిందిది, బొంగరంలాగా. అవునని చెప్పే కీలు వేరు, కాదని చెప్పే కీలు వేరు, దేవుడు ఆ రెండిటికీ వేరువేరు ఏర్పాటు చేశాడు చూశారా అని ఆయన అంటే క్లాసంతా తలలు ఊపి తిప్పి చూసుకున్నారు. ఇరవై ఏళ్ళ పిల్లలు, కబడ్డీలు పరుగులు తప్ప వేరే ధ్యాస లేనివాళ్ళు, ఆ మధ్యాహ్నం మెడల మీద చేతులు పెట్టుకుని అవును కాదు అవును కాదు అనుకుంటూ కూర్చున్నారు. మోకాలి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన గొంతు తగ్గించాడు. పరీక్షలో మడత బందు కీలు అని రాయండి, మార్కులు వస్తాయి, కాని అది అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు అన్నాడు. వంగుతూ దొర్లుతుంది, దొర్లుతూ జారుతుంది, కాలు పూర్తిగా చాపుతుంటే చివర్లో ఒక్క రవ్వ మెలి తిరిగి గడియ పడినట్టు బిగుసుకుంటుంది, అందుకే మనిషి కష్టం లేకుండా నిలబడగలుగుతున్నాడు. మళ్ళీ వంగాలంటే వెనక చిన్న కండ ఒకటి ఆ గడియ తీయాలి. చిప్ప పైనుంచి అంతా కాస్తూ ఉంటుంది. ఇంత జరుగుతుంటే మీరేమో కూర్చున్నాను లేచాను అంటారు, అన్నాడు.

తెర అవతల ఎవరో మెల్లగా మాట్లాడుకుంటున్నారు. సర్జన్ శ్రీనివాసరాజు గారి గొంతు. భీమవరం రాజుల యాస, ప్రతి మాటకీ చివర అండి, కత్తి ఇవ్వమ్మా అనే బదులు కత్తి ఇవ్వండమ్మా అనే మనిషి. తర్వాత సన్నగా జివ్వుమని ఒక చప్పుడు, వెంటనే వాసన, కోడిని మంట మీద కాల్చినప్పుడు వచ్చే వాసన. అది తన వాసన. కరెంటు కత్తికి తన ఒళ్ళు కాలుతున్న వాసన తన ముక్కుకి వస్తోంది, నొప్పి మాత్రం రావడం లేదు. ప్రభువా అనుకుంది. పెద్ద ప్రార్థన చేద్దామని మొదలుపెట్టి ఆ ఒక్క మాట దగ్గరే ఆగింది. ప్రార్థన అంటే ఆమెకి మోకాళ్ళే గుర్తొస్తాయి, మోకాళ్ళు లేకుండా ప్రార్థన ఎలా మొదలుపెట్టాలో చిన్నప్పటి నుంచీ తెలియదు. ఈ ఆపరేషను ఇన్నేళ్ళు వాయిదా వేసింది అందుకే. మోకాలు మార్చాక కింద కూర్చోవద్దంటారు, మోకరించవద్దంటారు అని ఎవరో చెప్పారు. నొప్పి భరించింది, మాత్రలు మింగింది, వేడి ఇసుక మూటలు కట్టింది, మెట్ల దగ్గర ఒక్కో మెట్టూ పిల్లలా రెండు కాళ్ళూ పెట్టి దిగింది. చివరికి ఆ మోకాలే తీర్పు చెప్పేసింది. ఈస్టరు ఆదివారం నాడు ప్రభు భోజనానికి చర్చిలో ఆల్తారు బల్ల ముందు మోకరించింది, రొట్టె తీసుకుంది, లేవబోతే లేవలేకపోయింది. పక్కవాళ్ళందరూ లేచి వెళ్ళిపోయారు, తరవాతి వరుసవాళ్ళు వచ్చి నిలబడ్డారు, ఆమె అక్కడే ఉంది, తలొంచుకుని, ఇంకా ప్రార్థన చేసుకుంటున్నట్టు నటిస్తూ. పాస్టరు అయ్యగారికి అర్థమైంది. గిన్నె కింద పెట్టి ఆయనే ఒక చంక పట్టుకున్నాడు, రెండో పక్క విజయ్ పాల్ పరిగెత్తుకొచ్చాడు. మైదానంలో ఎంతమంది పిల్లలు గుంజినా కదలని ఆశాజ్యోతి టీచర్ని ఇద్దరు మగవాళ్ళు లేపి బెంచీ దాకా నడిపించారు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

అమ్మ మోకాళ్ళు ఎలా ఉండేవి. పాపాయమ్మ మోకాళ్ళు నల్లగా, గట్టిగా, ఒంటె మోకాళ్ళలా కాయలు కాసి. చీకటితో లేచి మట్టినేల మీద మోకరించేది, పిల్లలు లేచేసరికి ఆమె ప్రార్థనా అయ్యేది, గంజీ కాగేది. తరవాత పొలం. నాట్లేసే రోజుల్లో నడుం దగ్గర మడిచిపెట్టిన మనిషిలాగా పగలంతా వంగే ఉండేది, బురదలో వెనక్కి వెనక్కి నడుస్తూ. కుడిచేతి బొటనవేలు నారుమొక్కని పట్టి బురదలోకి దింపడం, మళ్ళీ పట్టడం, మళ్ళీ దింపడం, చేపకి మొప్పలు ఆడినంత సులువుగా. బొటనవేలి కీలు గుర్రం మీద జీనులాగా ఉంటుందని, మిగతా నాలుగు వేళ్ళకీ అది ఎదురు నిలబడబట్టే మనిషి మనిషయ్యాడని సామ్యేలు మాస్టారు చెప్పినప్పుడు ఆశాజ్యోతి క్లాసులో మనసులోనే అమ్మ బొటనవేలిని చూస్తూ కూర్చుంది. ముసలితనంలో ఆ వేలి మొదలు ఉబ్బి, పక్కకి ఒరిగి, సీసా మూత తిప్పలేకపోయేది. అయినా అన్నం ముద్ద చేసి నోట్లో పెట్టేటప్పుడు మాత్రం ఎలాగో వంగేది.

ఆ వేలిని చివరిసారి తాకింది ఆమె పోయిన రోజు పొద్దున. తెల్లారకముందే ప్రాణం పోయింది, చుట్టాలు వచ్చి స్నానం చేయించే వేళకి ఒళ్ళు బిగుసుకుపోయింది. కుడిచెయ్యి గుండెల మీద మడిచి ఉంది, రవిక తొడగాలంటే చాచాలి, చాచబోతే రావడం లేదు. ఆశాజ్యోతికి చేతులాడలేదు. గట్టిగా లాగితే విరుగుతుందేమో, లాగకపోతే ఎలా. అప్పుడు అమ్మ ఆడపడుచు మార్తమ్మత్త ముందుకొచ్చింది. అందరినీ జరగమంది. గోరువెచ్చటి నీళ్ళల్లో గుడ్డ ముంచి మోచేతి మడతలో పెట్టి, మెల్లగా రాస్తూ మాట్లాడటం మొదలుపెట్టింది. "ఏం వదినా, అంత మొండికేస్తావేంటి. చెయ్యియ్యి. కొత్త రవికే తెచ్చింది నీ కూతురు, తొడుక్కోవా? నువ్వెప్పుడూ ఇంతే, పండక్కి కూడా పాతదే చాలనేదానివి. ఇయ్యి తల్లీ, ఇయ్యి." రాస్తోంది, మాట్లాడుతోంది, రాస్తోంది. కొంతసేపటికి ఆ మోచెయ్యి మెత్తబడి మార్తమ్మత్త చేతిలోకి విచ్చుకుంది, ఎంత నెమ్మదిగా అంటే అమ్మే చాచిందనిపించింది. అది చూసి ఇంట్లో ఉన్న ఆడవాళ్ళందరూ ఏడుపు ఆపేశారు. చనిపోయాక కీళ్ళు బిగుస్తాయని, వేడికీ రాపిడికీ మళ్ళీ వదులవుతాయని ఆశాజ్యోతి పుస్తకంలో చదువుకుంది. చదువుకున్నది ఆ గదిలో ఎందుకూ పనికి రాలేదు. ఊపిరి బిగబట్టి చూడటం ఒక్కటే చేతనైంది.

"మేడమ్, ఇప్పుడు కొంచెం చప్పుడొస్తుందండి," అన్నాడు శ్రీనివాసరాజు గారు తెర అవతల నుంచి. "భయపడకండి."

రంపం. రూబీ చెప్పింది నిజమే, వడ్రంగి దుకాణమే. కాని చప్పుడుతో పాటు ఇంకొకటి వచ్చింది, రూబీకి ఎవరూ చెప్పనిది. బల్ల వణికింది, బల్లతో పాటు తన వీపు, మెడ, పళ్ళు. తన ఎముక మీద ఆడే రంపం వణుకు ఎముకల వెంట ఎముకలు పట్టుకుని పైకి పాకింది, మోకాలి నుంచి తుంటికి, తుంటి నుంచి వెన్నుకి, వెన్ను నుంచి పుర్రెకి. ఇవన్నీ ఒకదానికొకటి తగులుకుని ఉన్నాయన్న సంగతి ఇంత కచ్చితంగా ఎప్పుడు తెలిసింది తనకి? కాలి చివరి వేలి ఎముకకీ దవడకీ చుట్టరికం ఉంది. నొప్పి అనే గొడవ పక్కకి తప్పుకునేసరికి అది వినిపిస్తోంది. ఆమె కళ్ళు మూసుకుంది. కాసేపు భయం పోయింది. ఊళ్ళో ఉన్న ఇళ్ళన్నిట్లో ఒకేసారి దీపాలు వెలిగినట్టు ఒంట్లో ఎముకలన్నీ ఒకటొకటిగా తమ ఉనికి చెప్పుకున్నాయి.

రంపం ఆగింది. తరవాత నిశ్శబ్దం. సుత్తి చప్పుడు వస్తుందని ఎదురుచూస్తే రాలేదు. గుసగుసలు. "చూడండి, ఇక్కడ," అంటున్నాడు శ్రీనివాసరాజు గారు ఎవరితోనో. ఇంకెవరో "అవునండి" అన్నారు. ఆశాజ్యోతి గుండె చప్పుడు తలవైపు మిషన్లో గబగబా కొట్టుకోవడం ఆమెకే వినిపించింది.

"ఏమైందండి?" అంది.

"ఏం కాలేదు మేడమ్. ఒక మాట అడుగుతాను. ఈ మోకాలికి ఎప్పుడైనా పెద్ద దెబ్బ తగిలిందా? వయసులో ఉన్నప్పుడు?"

"కబడ్డీలో ఒకసారి పడ్డానండి. కాకినాడలో. కాలేజీ రోజుల్లో."

"అదేనండి. మోకాలి మధ్యలో ఏటవాలుగా తాడులాంటి గట్టి లిగమెంటు ఒకటి ఉండాలి. కింది ఎముక ముందుకి జారిపోకుండా పట్టి ఉంచేది అదే. మీకది లేదు. ఈమధ్య తెగింది కాదు, ఎప్పటిదో. మొదలు కూడా కరిగిపోయింది." ఆయన గొంతు తెరకి దగ్గరగా వచ్చింది. "దాని మీద మీరు ఇన్నేళ్ళు డ్రిల్లు చెప్పారా? పరిగెత్తారా?"

"పరిగెత్తానండి. తరవాత కూడా ఆడాను."

"ఎలా ఆడారండీ బాబూ," అన్నాడాయన. డాక్టరు అడిగినట్టు లేదు ఆ అడగడం.

కాకినాడ. ఎండ. సున్నం గీతలు. ఆశాజ్యోతి కూతకెళ్ళింది. అవతల ఏడుగురు, చేతులు పట్టుకుని, విల్లులా వంగి. కబడ్డీ కబడ్డీ కబడ్డీ, ఊపిరి ఒక దారంలా సాగుతోంది, ఎడమకాలు లోపలికి, చెయ్యి చాచి మూలనున్న పిల్ల భుజం అందుకుని వెనక్కి తిరిగింది. ఎవరో చీలమండ దొరకబుచ్చుకున్నారు. పాదం అక్కడే ఆగిపోయింది, ఒళ్ళు తిరిగిపోయింది. లోపల టప్‌మని ఒక చప్పుడు, పచ్చి చింతబరికె విరిగినట్టు, అది ఆమెకి ఒక్కదానికే వినిపించింది. కూత ఆపలేదు. ఒంటికాలి మీద ఈడ్చుకుంటూ వెళ్ళి చేత్తో గీత ముట్టుకుంది, అప్పుడు ఊపిరి వదిలింది. రాత్రికి మోకాలు గుమ్మడికాయంత అయింది. ఊళ్ళో నాటువైద్యుడు కోడిగుడ్డు సొనతో కట్టు కట్టాడు, నెల తిరక్కుండా అమ్మ కట్టు విప్పి, ఇక చాలు లేవమంది. లేచింది. నడిచింది. కొన్నాళ్ళు మెట్లు దిగుతుంటే మోకాలు ఎటో జారుతున్నట్టుండేది, తరవాత అదీ పోయింది. తగ్గిపోయిందనుకుంది. అందరూ అదే అనుకున్నారు. తగ్గలేదు. లోపల తెగినది తెగినట్టే ఉండిపోయింది, కొంచెం కొంచెంగా కరిగి మాయమైంది.

"మరి పట్టుకున్నదెవరండి?" అంది ఆశాజ్యోతి. తన గొంతు తనకే వింతగా వినిపించింది. "అది లేకపోతే, ఎముక జారిపోకుండా ఇన్నాళ్ళూ ఎవరు పట్టుకున్నారు?"

"తొడ వెనక కండరాలండి. అవి వెనక్కి లాగి పట్టుకుని ఉంటాయి. మీరు వాడకం ఆపలేదు కదా, అవి బలంగా ఉన్నాయి. ప్రతి అడుక్కీ, మీరు అడుగెయ్యబోయే ముందే అవి బిగుసుకుని ఉంటాయి. మీకు తెలియకుండానే." ఆయన నవ్వాడు. "ఎలాగూ ఈ ఆపరేషన్లో మేము తీసెయ్యాల్సిందే అది. మాకో పని తగ్గించారు."

సుత్తి మొదలైంది. ఆమెకి అది వినిపించడం లేదు. ప్రతి అడుక్కీ. పెళ్ళినాడు చర్చిలో నడిచిన అడుగులకి, నిండు నెలల పొట్టతో నరసాపురం బస్టాండులో పరిగెత్తిన అడుగులకి, పిల్లలకి లాంగ్‌జంపు నేర్పుతూ గాల్లోకి లేచి ఇసుకలో దిగిన ప్రతిసారీ. ఎవరూ నేర్పలేదు వాటికి, తను అడగలేదు, జీతం లేదు, పొగడ్త లేదు. తను చూడని చోట, చీకట్లో, ఒకటి పోతే దాని పని ఇంకొకటి తలకెత్తుకుంది. తను ఆ కాలిని తిట్టింది, పాడు కాలు అంది, రాయితో కొట్టుకోవాలనిపించిందని విజయ్ పాల్‌తో అంది. కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి దిగాయి. శ్రీసత్య దూదితో తుడిచి, నొప్పి తెలుస్తోందా మేడమ్ అని అడిగింది. లేదమ్మా, అంది.

రూబీ తుంటి కూడా అంతే కదా, దానంతట అది. రూబీ నెలల పిల్లగా ఉన్నప్పుడు కాకినాడలో ఒక పెద్ద డాక్టరు పసిదాని రెండు తొడలూ పట్టుకుని విప్పుతూ, కుడివైపు ఎముక టక్కుమని గిన్నెలోకి దూరడం, వదిలితే మళ్ళీ బయటికి రావడం ఆశాజ్యోతి చేతికే తాకించి చూపించాడు. పుట్టుకతోనే బంతి గిన్నెలో లేదు. ఇలాగే వదిలేస్తే జీవితాంతం కుంటుతుంది. గిన్నె లోతు లేదమ్మా, అసలు గిన్నే సరిగా తయారవలేదు అన్నాడు. మరి ఎలాగండి, గిన్నె ఎవరు చేస్తారు అని ఏడ్చింది ఆశాజ్యోతి. ఆయన చెప్పిన మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది. మనం చెయ్యం. బంతిని తెచ్చి దాని చోట్లో కూర్చోబెట్టి కదలకుండా ఉంచుతాం. బంతి ఉందని తెలిస్తే గిన్నె తనంతట తనే లోతవుతుంది. కప్పలాగా కాళ్ళు రెండూ విడదీసి నడుం దాకా పిండికట్టు వేశారు. ఆ కట్టుతోనే చంకనేసుకుని తిరిగింది, స్కూలుకి, చర్చికి. చూసిన వాళ్ళు అయ్యో అన్నారు, ఏ పాపమో అన్నవాళ్ళూ ఉన్నారు. ఎండాకాలం కట్టు లోపల చెమటకి పిల్ల ఏడుస్తుంటే గొట్టంతో గాలి ఊదింది. చివరికి కట్టు కోసి ఎక్స్‌రే తీసినప్పుడు, ఆ నల్లటి ఫిల్మును డాక్టరు వెలుతురుకి ఎత్తి పట్టి, వేలితో చూపించాడు. గిన్నె. అర్ధచంద్రాకారంలో తెల్లగా, బంతిని చుట్టుకుని. ఎవరూ చెయ్యకుండానే తయారైన గిన్నె. ఇందాక తలుపు దగ్గర ఆ పిల్ల నడుస్తుంటే లోపల తిరిగింది అదే.

"మేడమ్, ఒకసారి ఇటు చూస్తారా? చూడగలరా?" అన్నాడు శ్రీనివాసరాజు గారు. తెర పక్క నుంచి రక్తం తుడిచిన ఒక ట్రే పైకి వచ్చింది, ఆయన చేతితొడుగు వేళ్ళ మధ్య చిన్న అట్టు ముక్కంత పలక. "పడేసే ముందు చూపిద్దామని. కింది ఎముక పైభాగం ఇది. ఇటువైపు చూడండి, తెల్లగా ఉంది కదా, ఇది ఇంకా బాగుంది. ఇటు చూడండి."

ఒక సగం మీద లేత కొబ్బరిలాంటి మెత్తటి పూత, తడిగా మెరుస్తోంది. రెండో సగం మీద ఆ పూత లేదు, ఉత్త ఎముక. అరిగి అరిగి గాజులా నునుపైపోయింది, మీద సన్నటి గీతలు, అన్నీ ఒకే దిక్కుగా, ముందు నుంచి వెనక్కి. ముట్టుకోవాలనిపించింది. చెయ్యి కదిపితే శ్రీసత్య మెల్లగా పట్టుకుని ఆపింది. ఎవరైనా తమ ఎముకని తాము చూస్తారా? ఇది తన లోపల ఉన్నది, పుట్టిన దగ్గర్నుంచీ వెలుగు చూడనిది, తను నడిచిన ప్రతి దూరమూ దీని మీదే నడిచింది. ఈ గీతలు గీసింది తనే, నడిచి నడిచి. సామ్యేలు మాస్టారు ఉంటే ముట్టుకునే ముందు ఒక్క క్షణం ఆగమనేవాడు. ఆగింది. చాలాసేపు చూసింది. శ్రీనివాసరాజు గారు ఓపిగ్గా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"డాక్టరు గారూ, నేను మోకరించొచ్చాండి? తరవాత?"

ఆయన ఎముకని ట్రేలో పెట్టాడు. "కింద కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం వద్దండి. మోకరించడం... మానిన తరవాత మెత్తటి దిండు వేసుకుని, ఎవరైనా పక్కనుంటే, కాసేపు. కొంతమందికి బాగానే ఉంటుంది, కొంతమందికి ఇబ్బందిగా ఉంటుంది. మీకెలా ఉంటుందో ఇప్పుడే చెప్పలేనండి. అబద్ధం చెప్పను."

"సరేనండి," అంది. సరేననే అనిపించింది కూడా. ఇప్పుడు ఈ బల్ల మీద, నడుం కింద ఏమీ తెలియకుండా వెల్లకిలా పడుకుని, ఆమె దేనికో దండం పెడుతూనే ఉంది, ఎప్పటి నుంచి మొదలుపెట్టిందో తెలియదు.

అంతలో తెర పైన ఒక కాలు లేచింది. పసుపు ముదురు గోధుమ కలిసిన రంగు మందు పూసిన కాలు, పాదానికి గుడ్డ చుట్టి ఉంది. మోకాలి దగ్గర వంగింది, పూర్తిగా వంగింది, మడమ తొడ వైపు వెళ్ళింది, మళ్ళీ చాపుకుంది, చివర్లో నిటారుగా ఆగింది. వంగింది, చాపుకుంది. మూలుగు లేదు, కిర్రుమనడం లేదు. ఎవరి కాలో గాని ఎంత బాగా వంగుతోంది అనుకుంది, అనుకున్నాక తెలిసింది. "బ్యాలెన్సు బాగుంది," అంటున్నాడు శ్రీనివాసరాజు గారు, లోపలి పక్కా బయటి పక్కా వేళ్ళతో నొక్కి చూసుకుంటూ, "చాలా బాగుందండి. మూసేద్దాం."

తరవాత వరుసగా మంచాలున్న గది. కిటికీలో పగటి వెలుతురు. కాలికి తొడ దాకా కట్టు, కట్టులోంచి బయటికి అయిదు వేళ్ళు. రూబీ వచ్చి మంచం పక్కన నిలబడింది, ముఖం కడుక్కున్నట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నర్సు ఒకమ్మాయి వచ్చి, బొటనవేలు కదపండమ్మా, మందు దిగుతోందో లేదో చూడాలి అంది.

కదిపింది. "కదిలింది కదా?"

"లేదమ్మా," అంది రూబీ.

"కదిపానే."

"లేదు. అస్సలు కదల్లేదు."

మళ్ళీ కదిపింది. కదల్లేదు. ఎప్పుడూ లేనట్టు ఆ వేలితో మాట్లాడాల్సి వచ్చింది, ఎలా మాట్లాడాలో తెలియలేదు. వేలా, కదులు, అంటే కదులుతుందా? ఇన్నేళ్ళూ ఏ మాటతో కదిలించింది? ఏ మాటా లేదు. అనుకోకముందే అది వినేది. నర్సు తొందరేం లేదమ్మా అని పక్క మంచం దగ్గరికి వెళ్ళింది. ఆశాజ్యోతి కళ్ళు మూసుకుని తుంటి నుంచి కిందికి దిగింది, చీకట్లో గోడ పట్టుకుని మెట్లు దిగినట్టు. తొడ, తెలియడం లేదు. మోకాలు, తెలియడం లేదు. పిక్క. ఎక్కడో చాలా దూరంలో, బరువుగా, వెచ్చగా ఏదో ఉంది.

"అమ్మా," అంది రూబీ. "అమ్మా, అమ్మా, కదిలింది."

కళ్ళు తెరిచింది. ఈసారి చూస్తూ కదిపింది. వేలు కొంచెం ముందుకి వంగింది, ఆగింది, వెనక్కి వచ్చింది. అంతే. ఇద్దరూ దాన్నే చూస్తూ ఉండిపోయారు. రూబీ ఒక చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడే విజయ్ పాల్ మందుల సంచీ పట్టుకుని ఆయాసపడుతూ వచ్చాడు. కట్టు వైపు చూడకుండా ఆమె ముఖం వైపే చూశాడు. ఎలా ఉంది అని అడగబోయి ఆగి, వాళ్ళిద్దరూ ఎటు చూస్తున్నారో అటు చూశాడు.

"ఏంటి?" అన్నాడు.

"చూడండి," అంది ఆశాజ్యోతి, కదిపింది.

సూది చూస్తే కళ్ళు తిరిగే ఆ మనిషి సంచీ కింద పెట్టి, మంచం కాళ్ళవైపుకి నడిచి, పాదానికి దగ్గరగా వంగి నిలబడ్డాడు. "మళ్ళీ," అన్నాడు. ఆమె మళ్ళీ కదిపింది.